రాగిజావ తాగే బస్టాపు

డాక్టరు ఈమధ్య మార్చి రాసిన మాత్రలకు పొద్దున లేవగానే నాకు కడుపులో తిప్పుతోంది. మొన్న మా కోడలు ఏదో డబ్బాలోని పొడి గోరువెచ్చని పాలలో కలిపి తెచ్చి, "బలానికి మంచిదత్తా, తాగు" అంది. బలం సంగతి దేవుడెరుగు, ఆ వాసనకే నాకు వాంతి వచ్చేటట్టయింది. పిల్ల నొచ్చుకుంటుందని గ్లాసు పట్టుకుని అట్లాగే కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది మా పెద్ద తోడికోడలు. ఆమెను నేను అక్కా అనే పిలిచేదాన్ని.

తొంభైలలో మేమంతా నగరిలో, మగ్గాల వీధిలో ఉండేవాళ్ళం. అక్కకు క్షయ అని తేలేనాటికి ఆమె కూతురు ఇంకా గోడ పట్టుకుని నడుస్తోంది. "మాత్రలు మానకూడదు. అవి కడుపులో నిలిస్తేనే మనిషి నిలుస్తుంది" అన్నాడు డాక్టరు. ఆ మాత్రలైతే, అబ్బో, ఏనుగులకు చేసినట్టుండేవి! వేసుకున్న కాసేపటికే వికారం. మా అత్త మంచి మనిషే, కాకపోతే ఆవిడకు తెలిసిన వైద్యమంతా గంజే. పలచటి బియ్యపు గంజిలో ఉప్పేసి, దగ్గర కూర్చుని మరీ తాగించేది. అక్క బుద్ధిగా తాగి, పెరట్లోకి పోయి మాత్రలతో సహా కక్కేసి, మొహం కడుక్కుని వచ్చేది. ఒకరోజు అది నా కంటబడింది.

"అత్తకు చెప్పగాకు మే. గంజి వాసనొస్తే పడుగు కాడ నిలబడినట్టే ఉంటాది. పేగులు బయటికొస్తాయి" అంది. నిజమే. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె పని, మగ్గానికెక్కించే పడుగు నూలును వీధిలో సాగదీసి దానికి గంజి పట్టించడం. ఆ పులిసిన వాసన ఆమె చీరకూ జుట్టుకూ అంటుకునే ఉండేది. "ఆ మాటేదో అత్తతో అంటే ఏం పోయె?" అన్నాను. "మనకు కూడు పెట్టే గంజిని కంపంటే ఊరుకుంటాదా?" అంది. నాకు ఒళ్ళు మండింది. ప్రాణం మీదికొస్తే మర్యాదలా!

మర్నాడు రాగిజావ కాచి, మజ్జిగతో పలచన చేసి, కాస్త అల్లం దంచి వేసి ఇచ్చాను. అదీ నిలవలేదు. నిలిచేదెట్లా? వీధి పొడుగునా గంజి వాసనే కదా. ఇక లాభం లేదని, డాక్టరు పొద్దున నడవమన్నాడని ఇంట్లో అబద్ధమాడి, జావ ఫ్లాస్కులో పోసుకుని అక్కను రోడ్డు మీది బస్టాపుకు తీసుకుపోయాను. అక్కడ గుక్క జావ, ఒక మాత్ర, మళ్ళీ గుక్క జావ. డీజిలు కంపు ఆమెను ఏమీ చేయలేదు, విచిత్రం! మాత్రలు నిలిచాయి. ఇక రోజూ అక్కడే. తిరుపతి బస్సు కండక్టరు, "దినామూ కూసుంటారు, ఒక్క దినమన్నా ఎక్కరే! యాడికి పోవాలమ్మా మీరు?" అని అరిచేవాడు. అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. తిరిగొచ్చాక అత్త ఇచ్చే గంజిని చూపు తప్పించి కుడితిలో పోసేది.

జబ్బు నయమైంది. తన గంజే బతికించిందని అత్త వీధంతా చెప్పుకుంది. మేమిద్దరం నవ్వు ఆపుకోలేక చచ్చాం. మళ్ళీ అక్క పడుగు దగ్గరికే పోయింది.

కొన్నేళ్ళకు మా కాపురం తిరుపతికి మారింది. ఆ తర్వాత అక్కకు దగ్గు తిరగబెట్టింది. మళ్ళీ మాత్రలు. ఒకసారి బతికించింది కదా అని అత్త ఎంతో నమ్మకంగా మళ్ళీ గంజే కాచి పోసింది. అక్క ఈసారీ నోరు విప్పలేదు. నాకు కబురు అందేసరికి ఆమె మంచానికి అతుక్కుపోయి ఉంది. నేను కాచిన జావ గొంతు దిగలేదు.

ఆ బస్టాపులో కూర్చున్న పొద్దులన్నీ కలిసి అక్కకు కొన్నేళ్ళు ఇచ్చాయి. ఆమె కూతురికి అమ్మ ముఖం గుర్తుండిపోయేటంత కాలం, అంతే.