నీటికాకి తెచ్చిన స్పాంజ్

నీటికాకి అని ఎవరు పెట్టారో గాని, ఆ పేరు అతనికి అతికినట్టు సరిపోయింది. నల్లగా, సన్నగా, పొడుగు మెడతో ఉంటాడు. పడవ అంచున కూర్చుని వెనక్కి ఒరిగితే నీళ్లు చప్పుడైనా చెయ్యవు. సముద్ర పరిశోధనశాలలో అతనిది మునిగే ఉద్యోగం. అడుగున రాళ్లను పట్టుకుని పెరిగే స్పాంజ్‌లను కోసి తేవాలి. డాక్టరమ్మ వాటిని ముక్కలు చేసి, స్పిరిట్లో నానబెట్టి, ఆ రసంలో మందుకు పనికొచ్చే సరుకేమైనా ఉందా అని చూస్తుంది. ఈ డాక్టరమ్మ నాడి పట్టదు, సూది వెయ్యదు. "మా మేడమ్ దగ్గర రోగాలన్నీ గాజుగిన్నెల్లో భద్రంగా ఉంటాయి, రోగి మాత్రం ఒక్కడూ రాడు" అని నీటికాకి అందర్నీ నవ్వించేవాడు.

ఇంటికొస్తే అతని కోతలకు అడ్డూ ఆపూ లేదు. తిమింగలం ఒకటి తనను ఆపి దారి అడిగిందనీ, ఆక్టోపస్ చెయ్యి కలపబోతే ఎనిమిదింటిలో ఏది పట్టుకోవాలో తెలియక ఇద్దరూ సిగ్గుపడ్డారనీ చెప్పేవాడు. భార్య కూరగాయలు తరుగుతూనే వినేది. "ఆ తిమింగలానికి దారి తప్పు చెప్పుంటారు, అందుకే మళ్లీ రాలేదు" అనేది. ఇవన్నీ ఎవరికీ హాని లేని అబద్ధాలు. హానికి మొదలైన అబద్ధం ఒక్కటే. అది అతను నోరు తెరవకుండా ఆడాడు.

ఆ రోజు అతనికి జలుబు. జలుబుతో లోతుకి దిగకూడదన్నది ఆ పనిలో మొదటి పాఠం. కానీ నీటికాకి వట్టి సంచితో తిరిగిరాడని రేవంతా పేరు. ఆ పేరే అతన్ని నీళ్లలోకి తోసింది. వెళ్లాల్సింది సముద్రం అడుగున లోతురాయి అనే బండ దగ్గరికి. సగం దూరం దిగేసరికి కనుబొమల మధ్య ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. లంగరు తాడు పట్టుకుని అక్కడే కాసేపు వేలాడి పైకొచ్చేశాడు. వట్టి సంచి కాళ్ల మధ్య దాచుకుని కూర్చున్నాడు. రేవు చేరాక, పడవ అడుగు చూసేవాడిలా మళ్లీ నీళ్లలోకి జారి, పడవలెక్కే జెట్టీ స్తంభం మీద పెరిగిన తుప్పురంగు స్పాంజ్‌ ఒకటి పీకి సంచిలో వేసుకున్నాడు. సంచికి 'లోతురాయి' అన్న చీటీ పొద్దున్నే కట్టేసి ఉంది. తెచ్చినవాటిలో పనికొచ్చేవి ఎన్ని గనక, ఇదీ చెత్తలో కలిసిపోతుందిలే అనుకున్నాడు.

కలిసిపోలేదు. దాని రసంలో తడిపిన కాగితపు బిళ్లను క్రిములు పెంచిన గిన్నెలో పెడితే, మర్నాటికి బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ. ఒక్క క్రిమి మిగల్లేదు. ఆసుపత్రుల్లో ఏ మందుకీ లొంగక, పుండ్లను మానకుండా చేసే మొండి క్రిమి అది. డాక్టరమ్మ గిన్నెను దీపానికి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది. "నీ చేతి చలవయ్యా" అంది చివరికి. నిజం చెప్పడానికి నీటికాకికి అదే అదను. రేపు చెబుదామనుకున్నాడు. రేపటికి అతని ఫోటో తీసి గోడకి పెట్టారు.

తెచ్చిన ముక్క పరీక్షలకే అయిపోయింది. మందు సంగతి తేలాలంటే అలాంటివి బుట్టెడు కావాలి. ఈలోగా నీటికాకికి రక్తపోటు ఉందనీ, ఇక లోతుకి దిగకూడదనీ ఆసుపత్రి వాళ్లు తేల్చారు. అతను పడవ మీద, మునిగేవాడి నడుముకి కట్టిన తాడు పట్టుకునే పనికి మారాడు. మునిగే పని అల్లుడికి వచ్చింది. కూతుర్ని చేసుకుని ఇంకా ఏడాది తిరగలేదు. మాట తక్కువ, పని ఎక్కువ. మామగారి మీద గౌరవంతోనే ఈ పనిలోకి వచ్చాడు.

అల్లుడు లోతురాయి చుట్టూ దిగని చోటు లేదు. తుప్పురంగువి, ఇటుకరంగువి, పసుపువి ఎన్నో తెచ్చాడు. ఒక్కదాని రసానికీ ఆ క్రిమి చావలేదు. పడవ నడిపే సరంగు ఊరుకుంటాడా? "మామగారికి ఎదురొచ్చి నిలబడ్డ స్పాంజ్ నిన్ను చూసి దాక్కుంటోందేమయ్యా? కొత్తల్లుడని సిగ్గేమో" అనేవాడు. అల్లుడు నవ్వేసేవాడు. ఇంట్లో మాత్రం అన్నం ముందు కూర్చుని, అది రాయికి ఎండ వైపు ఉందా, నీడ వైపు ఉందా అని అడిగేవాడు. నీటికాకి నోటికొచ్చిన వైపు చెప్పేవాడు. మర్నాడు అల్లుడు ఆ వైపంతా గాలించి, వణుక్కుంటూ పైకొచ్చేవాడు. తాడు పట్టుకున్న చేతులకి ఆ వణుకు తెలిసేది.

"ఈమధ్య మీ తిమింగలాలు ఏమైపోయాయండీ?" అని భార్య ఒకసారి అడిగింది. నీటికాకి కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

తప్పు ఒప్పుకోకుండా దిద్దుకునే ఉపాయం ఒకటి తోచింది అతనికి. ఒక పొద్దున జెట్టీ మెట్ల మీదనుంచి వంగి తుప్పురంగు స్పాంజ్‌ ఒకటి పీకి, తడిగుడ్డలో చుట్టి పడవలో దాచాడు. అల్లుడు పైకొచ్చి గాలి సిలిండరు విప్పుకుంటుంటే, దాన్ని అతని బుట్టలోకి జార్చాడు. అల్లుడు బుట్టలోవి ఒక్కొక్కటే తీస్తూ దాని దగ్గర ఆగాడు.

"ఇది నేను కోసింది కాదు మావయ్యా."

"నీళ్లలో ఎన్నని గుర్తుంటాయి అల్లుడూ. నీదే."

"దీనికి మొదలు కూడా ఉంది చూడండి. మొదలు రాయికే వదలాలి, మళ్లీ పెరుగుతుందని నేర్పింది మీరే కదా. ఇది ఎవరో పీకింది. తాడుకి తగులుకుని వచ్చుంటుంది. ఎక్కడిదో తెలియనిదాన్ని లోతురాయిదని ఎలా ఇస్తాం?"

అని దాన్ని నెమ్మదిగా నీళ్లలోకి జారవిడిచాడు. ఎత్తిపొడవాలని అన్నది కాదు. అందుకే నీటికాకికి గట్టిగా తగిలింది.

ఆ తర్వాతి ప్రయాణంలో అల్లుడు లోతురాయికి అవతల, ఇంకా కింద ఉన్న రాతి అరుగు చూసొస్తానన్నాడు. దిగి దిగి అప్పటికే అతని చెవి వాచి ఉందని ఎవరికీ తెలియదు. అక్కడ అది దొరకదని తెలిసి, వద్దని అనాల్సినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ తాడు వదులుతూ కూర్చున్నాడు. అల్లుడు పైకొచ్చేసరికి చెవిలోంచి రక్తం మెడ మీదికి కారుతోంది. పడవలో నిలబడలేక కూలబడ్డాడు. అంత నొప్పిలోనూ మామగారి చెయ్యి పట్టుకుని, "దొరకలేదు మావయ్యా. ఏమీ అనుకోకండి" అన్నాడు.

కర్ణభేరి చిరిగిందనీ, మానుతుందిగానీ అంతవరకూ నీళ్ల జోలికి పోకూడదనీ ఆసుపత్రిలో చెప్పారు. నీటికాకి అక్కణ్ణించి తిన్నగా పరిశోధనశాలకి నడిచాడు. డాక్టరమ్మ తొట్టి దగ్గర గాజుగిన్నెలు కడుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మేడమ్, ఆ స్పాంజ్ లోతురాయిది కాదండీ అన్నాడు. ఆవిడ కుళాయి కట్టేసి, మరెక్కడిదని అడిగింది.

ఇద్దరూ జెట్టీకి వెళ్లారు. నీటికాకి మోకాళ్ల మీద కూర్చుని కిందికి చూపించాడు. పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీసి ఉన్న సమయం. స్తంభాలన్నింటికీ తుప్పురంగు స్పాంజ్ పాచిలా పట్టి ఉంది, ఎంత కావాలంటే అంత. సరంగు పడవలోంచి అంతా విని, "చంకలో పిల్లని పెట్టుకుని..." అని మొదలెట్టి, ఆవిడ ముఖం చూసి సామెత మధ్యలోనే మింగేశాడు.

"నేను రోజూ ఇక్కడే పడవెక్కుతాను" అంది డాక్టరమ్మ. వెనక్కి తిరిగి, "ఇకనుంచి ఏ సంచీ నువ్వు ముట్టుకోవద్దు. ఫోటో నువ్వే తీసెయ్. ఆ అబ్బాయికి మాత్రం నేను చెప్పను, నువ్వే చెప్పుకో" అంది.

ఇంటికొచ్చేసరికి అల్లుడు చెవిలో దూది పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నీటికాకి పక్కన కుర్చీ వేసుకున్నాడు. ముఖంలోకి చూడలేక, నేల వైపు చూస్తూ, గొణిగినట్టు, జలుబు దగ్గర్నుంచి జెట్టీ దాకా అంతా చెప్పాడు. ఎక్కడా ఏదీ కల్పించలేదు. అలా కథ చెప్పడం అతనికి చేతకాదు, మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఎండవైపూ నీడవైపూ అన్నది కూడా అబద్ధమేనని చెప్పి ముగించాడు.

అప్పుడు అల్లుడు ఇటు తిరిగాడు. "మీరెప్పుడొచ్చారు? ఆ చెవి వినబడటం లేదు మావయ్యా. ఏదైనా చెప్పాలంటే ఇటు వచ్చి చెప్పండి."

నీటికాకి తలెత్తాడు. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఆమెకి రెండు చెవులూ బాగా వినబడతాయి. ఆమె అక్కణ్ణించి కదల్లేదు. అతను లేచి, కుర్చీని రెండోవైపుకి జరుపుకుని, ఈసారి ఇంకాస్త గట్టిగా, మళ్లీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.