చిక్కుడు గింజలు పెట్టిన చెయ్యి

బర్మాలో, పబేడాన్ పేటలో మాది పై అంతస్తు. డాబా మీద, చేపల బజారు నుంచి తెచ్చుకున్న థర్మోకోల్ పెట్టెల్లో ఏడాది పొడుగునా కూరలు పండించేవాళ్ళం. ఎండల్లో తోటకూర, వానల్లో గోంగూర, బెండ, చలికాలానికి టమాటా, చిక్కుడు. పెట్టెలకు చిల్లులు పొడవడం, మట్టి మోయడం, కరెంటు ఉన్నప్పుడే నీళ్ళు పట్టి పైకి చేర్చడం మా ఆయన పని. విత్తనం పెట్టడం మాత్రం నా పని. వాళ్ళింట్లో అది కోడలే చెయ్యాలి. పెళ్ళయిన తొలి వానాకాలం మా అత్తగారు చిక్కుడు గింజలు నా గుప్పిట్లో పోసి పెట్టమన్నారు. అప్పటినుంచి వాటి మీద మరొకరి చెయ్యి పడలేదు.

పోయిన వానల మొదట్లో ఆయన చనిపోయారు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆ మొక్కల్లోనే ఆయన ఉన్నారనుకోమన్నారు. ఇలాంటి మాటలు పుస్తకాల్లో చాలా చదివాను, ఎప్పుడూ నమ్మలేదు. మొక్కల్లో మొక్కలే ఉన్నాయి. నీళ్ళు పోయకపోతే చస్తాయి.

దినవారాలు అయ్యాక గింజల సీసా తీసి చూశాను. కొన్నింటికి అప్పుడే పురుగు పట్టింది. ఇక్కడి తేమలో చిక్కుడు గింజ మరో వానాకాలం దాకా ఆగదు. ఆ వానల్లోనే పెట్టకపోతే, వెడల్పు కాయ కాసే ఆ రకం మా ఇంట్లో అంతటితో ఆఖరు. బజారులో అది దొరకదు.

ఊరి చివర మింగళాడోన్ నుంచి వచ్చిన మా పెద్దాడపడుచు ఇంకా మా ఇంట్లోనే ఉంది. నేను మట్టి గుల్ల చేస్తుంటే మెట్లెక్కి వచ్చింది.

"ఏటే, ఏటి సేస్తన్నావు?"

చిక్కుడు పెడుతున్నానన్నాను.

"నువ్వెట్టకూడదు. ఇప్పుడు నీ సేత్తో ఎడితే మొలవదు. మొలిసినా ఆ కాయ తినకూడదు." గొంతు తగ్గించింది. "తప్పుగా అనుకోకు. పక్కింటి అమా సేత ఎట్టిద్దాం. ఆవిడికి మొగుడున్నాడు."

కోపంతో అన్నది కాదు. ఆమెకు తెలిసిన మంచి అదే. నా జవాబు వినకుండానే వెళ్ళి, మేమందరం అమా అని, అంటే అక్కా అని పిలిచే బర్మా పొరుగావిడను వెంటబెట్టుకొచ్చింది. సంగతంతా బర్మీస్‌లో చెప్పింది. పొరుగావిడ తన చెయ్యి తిప్పి చూసుకుంది.

"ఈ చేతికంత మహిమ ఉంటే ముందు మా ఆయన్నే నాటేదాన్ని. ఒకచోట కుదురుగా ఉండేవాడు."

వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే, గింజలు ఆవిడకు ఇమ్మని నాకు సైగ చేసింది.

నేను ఇవ్వలేదు. "వదినా, మీ అమ్మ ఈ గింజలు నా సేతిలో ఎట్టింది. మీ తమ్ముడు పోయాడు గాని నా సెయ్యి పోలేదు" అన్నాను.

వేలితో గుంటలు చేసి, గింజలు వేసి, మట్టి కప్పాను. వదిన మెట్ల దగ్గరే నిలబడి చూసింది. పొరుగావిడ వాననీళ్ళ బకెట్టు తెచ్చి నా పక్కన పెట్టింది.

మొలిచాయి. అన్నీ కాదు. కొన్ని గింజలు కుళ్ళాయి, ఒక పాదును నత్తలు తినేశాయి. తన ఇంటికి వెళ్ళాక ఫోన్ చేసినప్పుడల్లా వదిన ఆ పోయినవాటి గురించే అడిగేది, బతికిన వాటి గురించి ఒక్కసారీ అడగలేదు. చలి మొదలయ్యేసరికి మిగిలిన తీగలు పందిరంతా అల్లుకుని కాశాయి.

చిక్కుడుకాయ కూర వండిన రోజు వదిన బస్సెక్కి వచ్చింది. కూర తన కంచంలో వెయ్యొద్దంది. నేను వెయ్యలేదు, బతిమాలనూ లేదు. ఆమెకు పప్పు వడ్డించి, ఎదురుగా కూర్చుని కూర కలుపుకుని తిన్నాను. ఆమె చాలాసేపు నా కంచం వైపే చూసింది.

"ఉప్పు సరిపోయిందేటి?"

సరిపోయిందన్నాను.

విత్తనానికని కొన్ని కాయలు తీగ మీదే ఎండనిస్తున్నాను. వచ్చే వానల్లో వాటినీ నేనే పెడతాను, వదిన వచ్చి మెట్ల దగ్గర నిలబడినా సరే.