గుట్ట మీద ఆఖరి అధ్యాయం

సీతాఫల్‌మండిలో మా పక్కింటి పెద్దమ్మ పోయిన వారం కన్నుమూసింది. చూడ్డానికొచ్చిన వాళ్లలో ఎవరో "పాపం, పుస్తకాల పిచ్చి" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. పిచ్చేమిటండీ! శ్రీకాకుళం నుంచి ఉద్యోగానికొచ్చిన నాకు ఈ ఊరు చూపించింది ఆవిడే.

మా అపార్ట్‌మెంట్ కింది గదిలో రోజూ సాయంత్రం పిల్లల్ని పోగేసి కథలు చదివేది. రాక్షసులు, ఎగిరే ఓడలు, మాట్లాడే చేపలు. ఒక్కటే పట్టుదల: ఏ పుస్తకమైనా సరే, ఆఖరి అధ్యాయం ఇంట్లో చదవకూడదు. ఆ కథకు తగిన చోటు ఊళ్లో వెతికి, ఆదివారం అక్కడికెళ్లి చదవాలి. "గోడలు చూసుకుంట చదివితే రాక్షసుడు ఎట్లొస్తడే?" అనేది. అలా క్లాక్ టవర్ మాకు మాంత్రికుడి కోట. మౌలాలి గుట్టేమో నిద్రపోతున్న రాతి రాక్షసుడు. పైకి ఎక్కగానే పెద్ద బండను అరచేత్తో తట్టి లేపేది: "లేవయ్యా, పిల్లలొచ్చిండ్రు!"

ఆ రాక్షసుడి కథ రాసినాయన ఆ మధ్య మా ఇళ్లకు వచ్చారు. అసోసియేషన్ ప్రెసిడెంటుగారు సోఫాలు, మైకు, శాలువా సిద్ధం చేశారు. "ఏందీ, పెండ్లా? లే సార్, జెర గుట్టకు పోదాం" అంటూ పెద్దమ్మ ఆయన్ని బస్సెక్కించేసింది.

పైన ఒక పిల్ల అడిగేసింది. "రాక్షసున్ని ఎందుకు చంపిన్రు సార్?"

ఆయన తల గోక్కున్నారు. "కథ తొందరగా ముగించాలనమ్మా."

"గట్లయితే బతికించు. అందాక ఎవ్వరం కిందికి దిగం" అంది పెద్దమ్మ. ఎండలో నిలబడి ఆయన కొత్త ముగింపు చెప్పక తప్పలేదు. నవ్వలేక చచ్చాం.

దినాలైనా కాకముందే ప్రెసిడెంటుగారు వచ్చారు. "ఇంక ఆ గదికి తాళం ఏసేద్దామండి. పిల్లలు కట్టుకథలు మాని మార్కుల మీద పడతారు."

"ఏటండీ! తాళం ఏస్తే విరగ్గొడతాను. ఆవిడ మొదలెట్టిన పుస్తకంలో ఆఖరి అధ్యాయం ఇంకా ఉంది. ఆదివారం గుట్టకెళ్తన్నాం. ఆపగలిగితే ఆపండి" అన్నాను.

వెళ్లాం. పుస్తకమైతే తెరిచాను. ఆవిడ చదవాల్సిన పేజీ అది. కళ్లలో నీళ్లు తిరిగి అక్షరాలు కనిపించలేదు.

అప్పుడు, ఆనాడు రచయితను నిలదీసిన ఆ పిల్లే లేచింది. "ముందు లేపాలె గద ఆంటీ" అంటూ వెళ్లి బండను తట్టింది. మిగతా పిల్లలూ పరిగెత్తారు. రెండు చేతులా బాదుతున్నారు. "లేవయ్యా! మేమొచ్చినం, లే!"

ఎండకు కాలిపోతున్న బండ. అరచేయి చురుక్కుమంటున్నా నేనూ కొట్టాను.