మేము ఇంట్లో లేని ఆదివారం

మా అన్న కిందికి దిగి నెలన్నర అయింది. మేముండేది ఏడో అంతస్తు. లిఫ్టు చెడిపోయింది. ఆయన మోకాళ్లు దానికంటే చాలా ముందే చెడిపోయాయి. రింగ్ రోడ్ మార్కెట్‌లో చీరలు మడతపెట్టే పని ముగించుకుని, నాలుగో అంతస్తు మెట్ల మీద ఒకసారి, ఆరో అంతస్తు దగ్గర మరోసారి కూర్చుని, రోజూ ఎలాగో పైకి చేరతాను. అలా కూర్చున్నప్పుడల్లా నాకు ఒక ఆదివారం గుర్తొస్తుంది. ఆ రోజు తప్పు చేసింది నేను. అన్న కాదు, మున్సిపాలిటీ కూడా కాదు.

ఈ బిల్డింగులున్న చోటే ఇదివరకు మా పాత కాలనీ ఉండేది. ఇంటికొక గది, గది ముందు అరుగు. మా నాయన తెలంగాణ నుంచి సాంచాల పనికి, అంటే మరమగ్గాల పనికి, సూరత్ వచ్చినప్పుడు దొరికిన గది మాది. అన్న కూడా ముప్పై ఏళ్లు ఆ సాంచాల మధ్యే నిలబడి నేత నేసి మోకాళ్లు అరగదీసుకున్నాడు. ఆ తర్వాత ఆయన లోకమంతా ఆ అరుగే. పాండేసర మిల్లులకు సైకిళ్ల మీద పోయేవాళ్లు ఆయన్ని పలకరించకుండా పోయేవారు కాదు. నా భార్య పోయాక నేనూ అన్నావదినల దగ్గరే చేరాను.

కాలనీ పడగొట్టి కొత్త ఇళ్లు కడతారన్న మాట నా చిన్నప్పటి నుంచీ ఉంది. సర్వేవాళ్లు వచ్చి తలుపు మీద రంగుతో నంబరు వేసి పోయేవారు. ఫైలు గాంధీనగర్ వెళ్లేది, అక్కడ హాయిగా నిద్రపోయేది. కొన్నేళ్లకు మళ్లీ సర్వే, మళ్లీ ఇంకో రంగు. మా తలుపు మీద మూడు నంబర్లు ఉండేవి. వదిన వాటిని తుడవలేక, పండక్కి వాటి చుట్టూ ముగ్గు వేసి సరిపెట్టుకునేది.

అందుకే మున్సిపాలిటీ జోన్ ఆఫీసు గోడకు గుజరాతీలో ఒక కాగితం అంటించినప్పుడు మా వరసలో ఎవరూ కదల్లేదు. మున్సిపల్ బళ్లో గుజరాతీ చదువుకున్నవాణ్ణి కాబట్టి చదివి చెప్పడం నా వంతు. ఇకమీదట ఫైలు గాంధీనగర్ పోదట. ఏ ఇల్లు ఎవరికి, నల్లా ఎక్కడ, ఖాళీ జాగా ఎంత, అన్నీ వార్డు సభలో జనాన్ని అడిగి మా జోన్ ఆఫీసే తేల్చేస్తుందట. నడవలేనివాళ్లు స్వయంగా వచ్చి అడిగితే కింది అంతస్తు అక్కడికక్కడే రాసిస్తారట. మిగిలినవాళ్లకు డ్రా. సభ ఆదివారం పొద్దున, పక్క గల్లీ బళ్లో.

అదే ఆదివారం తెలంగాణలో మా సొంతూళ్లో సర్పంచ్ ఎన్నిక.

ఇక్కడ మావాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. సూరత్‌లో రెండు తరాలు గడిచినా ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకుంటాం. ఊళ్లో ఓటు తీయించుకుంటే ఊరే మనల్ని తీసేస్తుందని భయం. ఎన్నికలొస్తే పోటీచేసేవాళ్లే బస్సు పంపుతారు, దారి పొడవునా తిండి కూడా వాళ్లదే. ఆసారి నిలబడింది మా మేనబావ.

అరుగు మీద కూర్చుని అన్న అడిగాడు.

"తమ్మీ, ఈసారి ఊరికి పోకుంటే ఏమైతది? జర మీటింగుకు పోయి కింద ఇల్లు రాపిచ్చుకుంటే అయిపాయె గద."

"ఏ, గిసుంటియి ఎన్ని చూడలేదే అన్నా! తలుపు మీద మూడు నంబర్లున్నయ్. గీళ్లు మళ్ల పిలుస్తరు. బావ మళ్ల నిలబడుతడా?"

"నువ్వు సదువుకున్నోనివి. నువ్వెట్లంటే గట్ల."

చెయ్యి పట్టుకుని బస్సెక్కించింది నేనే. ఓటేశాం. బావ వేళ్ల మీద లెక్కపెట్టే తేడాతో గెలిచాడు. "నీ ఓటుతోనే గెలిచిన బావా" అని అన్నను కౌగిలించుకున్నాడు. తిరుగు ప్రయాణంలో అన్న ఆ మాట బస్సులో అందరికీ చెప్పాడు.

వచ్చేసరికి గోడ మీద లిస్టు ఉంది. సభ జరిగింది. నిజంగానే జనాన్ని అడిగారు. మరాఠీ, ఒడియా కుటుంబాలవాళ్లు గట్టిగా మాట్లాడి, ఆడవాళ్లు కూర్చుని చీరల పని చేసుకోవడానికి ఒక షెడ్డు రాయించుకున్నారు, నీళ్ల ట్యాంకు జాగా మార్పించారు. కింది ఇళ్లన్నీ అడిగినవాళ్లకు ఇచ్చేశారు. అన్నీ న్యాయమైన పేర్లే. అందులో ఒకామెకు కళ్లు కనిపించవు. ఆమెను తప్పుకోమని ఏ నోటితో అడగను?

అయినా ఆఫీసుకు వెళ్లాను. చిన్నవయసు ఇంజనీరమ్మ ఓపికగానే విన్నది. నాకు వచ్చిన విద్య ఒకటే, పై ఆఫీసుకు అర్జీ పెట్టుకోవడం. అదే అడిగాను.

"అంకుల్, అబ్ ఊపర్ కోయీ నహీ హై" అంది. ఇప్పుడు పైన ఎవరూ లేరట. "మీటింగ్ మే ఆనా థా నా." మీటింగుకు రావాల్సిందట.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా విషయంలో దేవుడూ ఇచ్చాడు, పూజారీ ఇచ్చాడు. మేమే గుళ్లో లేము. సర్కారు అందనంత దూరంలో ఉందని జన్మంతా తిట్టుకున్నాను. అది పక్క గల్లీకి నడిచొచ్చిన రోజు నేను అన్నను వెంటేసుకుని, మహారాష్ట్ర దాటిపోయి వేలికి సిరా పూయించుకుంటున్నాను. ఇది తలుచుకుంటే ఒకప్పుడు ఏడుపొచ్చేది. ఇప్పుడు నిద్రొస్తుంది.

డ్రాలో ఏడో అంతస్తు వచ్చింది. లిఫ్టు నడిచినన్నాళ్లు అన్న కిందికొచ్చి గేటు దగ్గర కుర్చీ వేసుకునేవాడు. ఇప్పుడది ఆగింది. బాగుచేయించాల్సింది మా బిల్డింగు కమిటీ. కమిటీలో ఎక్కువమంది కింది అంతస్తులవాళ్లు. చెడ్డవాళ్లేం కాదు, వాళ్లకు లిఫ్టుతో పనిలేదంతే. వాళ్లతో పోట్లాడే ఓపిక నాకు మెట్లెక్కడంలోనే అయిపోతోంది.

నిన్న సాయంత్రం గేటు మీద మళ్లీ ఒక గుజరాతీ కాగితం. వచ్చే ఆదివారం వార్డు సభ, లిఫ్టుల సంగతి తేలుస్తారట. ఇబ్బంది ఉన్నవాళ్లు స్వయంగా వచ్చి చెప్పుకోవాలి. సభ ఎక్కడో కాదు, కింద మా వాకిట్లోనే. ఆయాసపడుతూ పైకెక్కి, చెప్పులైనా విడవకుండా అన్నకు చెప్పాను. ఈసారి ఎవరు బస్సు పంపినా ఎక్కేది లేదని కూడా చెప్పాను.

అన్న కిటికీ పక్కన మంచం మీద ఉన్నాడు. కాసేపు కిందికి చూశాడు. ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

"మళ్ల పిలుస్తరంటివి. పిలిచిండ్రు తమ్మీ" అన్నాడు. "గని, దిగుడెట్ల?"