మెట్ల కిందికి జరిగిన గ్రైండర్

తొంభైల చివర్లో మా ఆయనకు మదనపల్లె నుంచి పుంగనూరుకు బదిలీ అయింది. అక్కడ ఒక మేడ ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకున్నాం. పైన ఇంటావిడ ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, కూతురిని దగ్గర్లోని సోమల అనే ఊరికి ఇచ్చింది. కింది వంటింట్లో ఆమెదే పెద్ద రాతి గ్రైండర్ ఉండేది. పైకి మోయించలేక అక్కడే వదిలేసింది. "మీరూ వాడుకోండమ్మా" అంది చేరిన రోజే. నాకు పెద్ద అదృష్టం అనిపించింది.

దోసెపిండికి నేను వాడేదాన్ని. ఆమె కూడా గిన్నెలో పప్పు పట్టుకుని దిగొచ్చేది. ఒకరోజు నేను నానిన బియ్యం వేసి ఆడిస్తుంటే గ్రైండర్ మూలిగి ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. మోటారు వైండింగ్ పోయిందని మెకానిక్ చెప్పాడు.

ఆమె మెట్ల మీద నిలబడే అంది. "దినామూ వాడేది మీరు గదమ్మా. మీరే సేయించుకోండి."

"వస్తువు మీది గదక్కా! మీ పప్పు గూడా దాంట్లోనే గదా ఆడుతాండాది?"

"మీ సేతిలో ఉండంగా కాలిపోతే నేను సేయించాల్నా?"

ఆ మాటకు నాకు రోషం వచ్చింది. సాయంత్రం మా ఆయనతో చెప్తే, "అద్దె ఇంటికిస్తాండామా, గ్రైండర్‌కిస్తాండామా? ఊరుకో" అన్నాడు. ఊరుకున్నాను. ఆమే చేయిస్తుందని నేను, నేనే దిగొస్తానని ఆమె. కనపడితే నవ్వేవాళ్ళం గానీ మాట లేదు. ఇంట్లో దోసెలు మానేసి ఉప్మా మొదలుపెట్టాను.

ఇంతలో ఆమె కూతురికి సీమంతం వచ్చింది. ఆ పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే పెరట్లోంచి బరబరమని చప్పుడు. పోయి చూస్తే ఆమె బట్టలు నానబెట్టుకునే పాత రోటిని కడుక్కుని, వడలకు ఉద్దిపప్పు రుబ్బుతోంది. చెమటకు రవిక తడిసిపోయింది. చీపురు పక్కన పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆమె పొత్రం తిప్పుతుంటే నేను పప్పు తోస్తున్నాను. కాసేపటికి చేతులు మార్చుకున్నాం.

"నా గ్రైండరే గానీ, దాని దగ్గరికి రావాలంటే మీ తలుపు తట్టి అడగాల. అదేమో నాకు సిన్నతనంగా ఉండేదమ్మా" అందామె, తల ఎత్తకుండా.

నాకు నవ్వొచ్చింది. "నా వంటింట్లోకి ఎప్పుడు ఎవురొస్తారో తెలీదని నాకూ ఇబ్బందిగానే ఉండేదక్కా."

ఆమె పొత్రం ఆపి నన్ను చూసింది. ఇద్దరం పిండి చేతులతోనే నవ్వుకున్నాం.

"అయితే బయట పెట్టిద్దాం. మెట్ల కింద సోటుండాది" అందామె.

"కరెంటు మా మీటర్లోంచే తీసుకుందాం. మోటారు మీరు సేయించండి. బెల్టు తెగితే మేము సూసుకుంటాం."

సీమంతం భోజనాలయ్యాక సోమల నుంచి వచ్చిన మగవాళ్ళు, మా ఆయనా కలిసి ఆ బండరాతిని మోసి మెట్ల కింద దించారు. మరుసటి వారం మోటారు బాగై వచ్చింది. మొదటి వాయి ఆమెదే. వేసిన మొదటి దోసెలు మా పిల్లలకు పంపింది.

కొన్నేళ్ళకు మా ఆయనకు కుప్పం బదిలీ అయింది. అక్కడి ఇంట్లో గీజరుండేది. సామాను లారీలో ఉండగానే యజమానిని అడిగేశాను, "ఇది సెడిపోతే ఎవురు సేయించాల్నప్పా?" అని.

పెద్దాయన పకపకా నవ్వాడు. "ఇంకా సామాన్లే దించలేదు, అప్పుడే సెడగొడతాండారే! పాతబడి సెడిపోతే నేను సేయిస్తా. మీ సెయ్యి తగిలి పగిలితే మీరు. సరేనా?"

"సరే" అన్నాను. ఆయనే స్విచ్ వేసి, వేడినీళ్ళు పట్టి చూపించాడు. సాయంత్రానికి సామాను దించి, అందరం ఆ నీళ్ళతో స్నానాలు చేసి, వీధి చివరి హోటల్లో ఇడ్లీలు తిన్నాం. ఆ ఇంట్లో చాలా ఏళ్ళు హాయిగా ఉన్నాం.