ఎడమ పక్కన ఎవరు?

ఈ రోజు మధ్యాహ్నం విజయనగరం నుంచి ఒక చిత్రకారుడు నౌపడలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అప్పన్నా నేనూ కలిసి దిగిన ఫొటో ఇస్తే, చూసి మా ఇద్దరిదీ పెద్ద పటం వేస్తాడట.

అప్పన్న పోయి రెండేళ్లయింది. ఉప్పు మడుల్లో కలిసి పనిచేశాం, ముప్పై ఏళ్లు ఒకే ఇంట్లో కాపురమున్నాం. ఊరు ఏనాడూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మిగిలింది ఆ ఒక్క ఫొటో.

నాకు అనుమానం వచ్చింది. రంగులు వేసేవాడి గోళ్లు అంత శుభ్రంగా ఉంటాయా?

"నిన్నెవుడు పంపినాడు బాబూ? మమ్మల్ని సూసి నవ్వుకోడానికా?" అన్నాను.

"కాదు తాతా. మీ ఊరోళ్లే ఇల్లు సూపించినారు. మీలాగ కలిసి బతికిన మగోళ్లు శానామంది ఉన్నారు. బొమ్మ లేకపోతే రేపు అలాటోళ్లు లేనేలేరంటారు."

అతను కాగితం తీసి నా ముఖం గీయడం మొదలుపెట్టాడు. దంపతుల పటంలో భార్యను ఎడమ పక్కన కూర్చోబెట్టడం ఆనవాయితీ కదా, "మీలో ఎడం పక్క ఎవుర్ని పెట్టమంటావు?" అన్నాడు.

ఒళ్లు మండింది. "మాలో పెళ్లాం ఎవుడూ లేడు! ఆడికి ఎడం సెవి ఇనపడదు. అందుకే నానెప్పుడూ కుడి పక్కే కూకునీవోణ్ని."

అతను తల ఊపి నన్ను కుడి పక్కనే గీసి, అప్పన్న చోటు ఖాళీగా ఉంచాడు. ముప్పై ఏళ్లు దాచింది చెప్పేశానని నాకప్పుడు తెలిసింది.

ఫొటో మాత్రం ఇవ్వలేదు. రేపు మళ్లీ వస్తాడట. అందుకే మన ఊరి గ్రంథాలయంలో అందరూ రాసే, అందరూ చదివే పుస్తకంలో ఇది రాస్తున్నాను. అతనికి మా ఇల్లు చూపించింది మీలోనే ఒకరు. ఎవరో, నవ్వుకోడానికి చూపించారో మా మంచికి చూపించారో చెప్పండి, ఫొటో ఇవ్వాలో వద్దో అప్పుడు తేల్చుకుంటాను.