చెట్టుకు తగిలిన దిష్టి

ఉప్పుగూడలో మేం అద్దెకున్న ఇంటి వాకిట్లో ఓ నిమ్మచెట్టు ఉండేది. వానాకాలంలో ప్రతి ఆదివారం దాని ఆకులు తిప్పి తిప్పి చూసేవాణ్ణి. పసుపు అంచుతో గరుకు మచ్చలు లేచాయంటే అది గజ్జి తెగులే. మా మేనమామ నిమ్మతోట దాంతోనే సగం పోయింది. ఈ చెట్టుకు మాత్రం ఒక్క మచ్చ లేదు.

అదే ఓనరమ్మ భయం. "గింత మంచిగ కాస్తుంటే దిష్టి తగల్దా?" అంటూ మాదన్నపేట మార్కెట్ నుంచి నిమ్మకాయ, మిరపకాయలు తెచ్చి కొమ్మకు కట్టింది. చూస్తే ఆ నిమ్మకాయ నిండా గజ్జి మచ్చలే! వాన పడితే ఆ రోగం కారి చెట్టుకు అంటుకుంటుంది, తీసేయమన్నాను.

"తినేటందుకా ఏంది? దిష్టికి గిది చాలు."

దిష్టికి వణికి చస్తారు గానీ, దాని కోసం ఓ మంచి కాయ కొనడానికి మాత్రం చేతులు రావు.

నాలుగు వానలు పడ్డాక, దిష్టికాయ వేలాడిన కొమ్మకే మొదట మచ్చలొచ్చాయి. ఆకు తెంపి తీసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఆకు వైపు చూడనే లేదు, నన్నే ఎగాదిగా చూసింది.

"ప్రతి ఐతారం గా చెట్టును గుచ్చి గుచ్చి చూసేది నువ్వే గద బిడ్డా. ఇంకెవని దిష్టి తగుల్తది?"